మాత్ర మానిన పిమ్మట

“ప్రకృతి” యను శబ్దము మన దర్శనములలోను వైద్యగ్రంథములలోను మిక్కిలి గౌరవము నందినది. సాంఖ్యులకు నది జగత్కారణము; వైద్యులకు నది దేహము యొక్క స్వస్థస్థితి. ఇట్టి శబ్దము నేడు పొట్లముల మీద ముద్రింపబడి అంగళ్లలో అమ్ముడుపోవుచున్నది. గర్భనిరోధక మాత్రలను కొంతకాలము వాడి మానివేసిన స్త్రీల దేహమున ఏదో విషము నిలిచియుండుననియు, దానిని కడిగివేయుటకు ఒక చూర్ణమో, ఒక కషాయమో, కొన్ని గింజలో సేవింపవలయుననియు, అట్లు చేసినగాని హార్మోనులు సహజస్థితికి రావనియు చెప్పువారు బయలుదేరినారు. ఈ మాటలలో సత్య మెంత, బేర మెంత యని తెలియవలెనన్న, ఆ మాత్ర యెట్లు పుట్టినదో, దానిని మానిన స్త్రీల కేమి జరిగినదో ఇంచుక విచారింపవలసి యున్నది. ఇది వైద్యులకు మాత్రమే సంబంధించిన విచారణ కాదు. స్త్రీకి ఆమె దేహమును గుఱించిన నిజమును చెప్పుటయా, దాచుటయా యను ప్రశ్న ఈ చరిత్రమున మొదటినుండి కడవఱకు వెన్నంటి వచ్చుచున్నది.

రక్తముద్వారా ఒక యవయవమునుండి వేఱొక యవయవమునకు వార్త గొనిపోవు ద్రవ్యములకు “హార్మోను” అను పేరును ఇంగ్లండు దేశపు శారీరశాస్త్రజ్ఞుడు ఎర్నెస్టు స్టార్లింగు 1905లో వాడుకలోనికి దెచ్చెను. స్త్రీ దేహమున ఈ వార్తలు ముఖ్యముగా మూడు స్థానముల నడుమ నడచును. మెదడు అడుగుభాగమున నున్న హైపోథాలమస్సు పీయూషగ్రంథిని ప్రేరేపించును. పీయూషగ్రంథి అండాశయములను ప్రేరేపించును. అండాశయములు ఈస్ట్రోజెను, ప్రొజెస్టిరోను అను ద్రవ్యములను స్రవించి, తమ పని జరుగుచున్నదని పై రెండింటికిని తిరిగి తెలియజేయును. గర్భము నిలిచినప్పుడు ప్రొజెస్టిరోను అధికమగును. అందువలన పై స్థానములు తమ ప్రేరణను తగ్గించి, క్రొత్త అండము విడుదల కాకుండ నాపివేయును. గర్భిణికి మఱల గర్భము రాకుండుటకు కారణ మిదియే.

ఈ రహస్యమును గర్భనిరోధమునకు వినియోగింపవచ్చునని మొదట సూచించినవారిలో ఆస్ట్రియా దేశపు లుడ్విగ్ హాబర్లాండ్టు ముఖ్యుడు. ఇన్స్‌బ్రుక్కు నగరమున నతడు 1919 మొదలు ప్రయోగములు చేసి, చూలుతో నున్న కుందేళ్ల అండాశయములను వేఱు కుందేళ్లకు అతికించినచో అవి కొంతకాలము చూలు దాల్పవని చూపెను. “కొంతకాలము” అను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలయును. ఈ యుపాయము శాశ్వత మగునది కాదనియు, ద్రవ్యము తొలగగానే దేహము తన పనికి తాను మఱలుననియు ఈ విద్య పుట్టిననాడే తెలిసినది.

ప్రొజెస్టిరోనును 1934లో శుద్ధరూపమున వేఱుచేసిరి గాని, జంతువుల గ్రంథులనుండి దీయవలసి యుండుటచే నది బంగారముకంటె నెన్నో రెట్లు వెలగలదై సామాన్యులకు దుర్లభమై యుండెను. రస్సెలు మార్కరు అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు మెక్సికో అడవులలో పెరుగు ఒక జాతి పెండలపు దుంపలనుండి డయోస్‌జెనిను అను పదార్థమును దీసి, దానిని ప్రయోగశాలలో కొన్ని మెట్లలో ప్రొజెస్టిరోనుగా మార్చెను. 1944లో మెక్సికో నగరమున సింటెక్సు అను సంస్థ వెలసెను. ఆ సంస్థలోనే కార్ల్ జెరాసీ పర్యవేక్షణమున పనిచేయుచున్న లూయీ మిరామొంటెసు అను యువకుడు 1951 అక్టోబరు 15వ తేదీన నోరెథిస్టిరోను అను కృత్రిమద్రవ్యమును సిద్ధపఱచెను. నోటితో మింగినను చెడక పనిచేయుట దీని విశేషము.

ఈ వృత్తాంతమునందు నేటి వర్తకులకు సమాధాన మొకటి కలదు. ఆ జాతి దుంపను ఎండబెట్టి పొడిచేసియో, లేపనముగా జేసియో, “ప్రకృతిసిద్ధమైన ప్రొజెస్టిరోను” అని కొందఱు విక్రయించుచున్నారు. దుంపలోని పదార్థమును ప్రొజెస్టిరోనుగా మార్చు శక్తి మనుష్యదేహమునకు లేదు. ఆ మార్పునకు మార్కరుగారి పాత్రలు, ఆమ్లములు, నిప్పు కావలయును. దుంప ప్రకృతిసిద్ధమే, దానియందు ఆరోపింపబడిన గుణము మాత్రము ప్రకృతిసిద్ధము కాదు.

ఇక మాత్ర చరిత్రమున నలుగురిని ముఖ్యముగా చెప్పవలసి యున్నది. మార్గరెటు శాంగరు సంతాననియంత్రణోద్యమమునకు నాయకురాలు. కాథరిను మెకార్మికు జీవశాస్త్రమున పట్టము నందిన సంపన్నురాలు. పరిశోధనకు కావలసిన ధనమును చాలవఱకు ఈమెయే యిచ్చెను. గ్రెగరీ పింకసు హార్మోనుశాస్త్రజ్ఞుడు. జాన్ రాకు బోస్టను ప్రాంతపు స్త్రీవైద్యుడు. నిష్ఠగల కాథలిక్కు మతస్థుడు. వీరిలో రాకుగారు మొదట ఈ ద్రవ్యముల నిచ్చినది గర్భము రాకుండుటకు గాదు, గర్భము కలుగుటకు. సంతానము లేక చింతించుచున్న 80 మంది స్త్రీలకు ఆయన కొన్ని మాసములు ఈస్ట్రోజెనును, ప్రొజెస్టిరోనును ఇచ్చి, పిమ్మట మాన్పించెను. మానిన నాలుగు మాసములలో వారిలో 13 మంది గర్భవతులైరి. అండాశయములకు విశ్రాంతి నిచ్చినచో అవి ద్విగుణిత బలముతో పనిచేయునేమో యని వైద్యులు తలచి, దీనికి రాకుగారి పేరే పెట్టిరి. ఆ యూహ యెంతవఱకు నిజమో యటుంచి, చరిత్రమున దీనికి గల ప్రాముఖ్య మిది: హార్మోనులను వాడి మానిన స్త్రీల కేమి జరుగునని వైద్యులు మొట్టమొదట గమనించినప్పుడు వారికి గనబడినది వంధ్యాత్వము గాదు, సంతానము.

ఆ చికిత్సలో ఇంకొక చిక్కు వచ్చెను. మందు ఎడతెగక పుచ్చుకొనుచున్న ఆ స్త్రీలకు ముట్టు నిలిచిపోగా, తాము గర్భవతుల మైతిమని యాశపడి, పిదప నిజము తెలిసి దుఃఖించిరి. ఇది నివారించుటకై మూడు వారములు మందిచ్చి కొన్ని దినములు ఆపుట మేలని పింకసుగారు సూచించిరి. ఆపినప్పుడు రక్తస్రావ మగును. నేటికిని మాత్రల యట్టలలో పెక్కింటికి 21 దినములు, 7 దినములు అను విభాగ మట్లు వచ్చినదే. ఆ వారములో కనబడు స్రావము నిజమైన ముట్టు గాదు; మందు తొలగుటచే గర్భాశయపు పొర రాలుట మాత్రమే. ఆ యేడు దినముల విరామము వలన ఆరోగ్యమున కే లాభమును లేదని బ్రిటను దేశపు లైంగిక, ప్రత్యుత్పత్తి ఆరోగ్యవైద్యుల సంస్థ 2019లో స్పష్టపఱచెను. మాత్ర వాడుచున్నప్పుడు నెలనెలకు దప్పక వచ్చినదని తృప్తిపడి, మానిన తరువాత క్రమము తప్పినదని భయపడు స్త్రీలు ఈ విషయమును తెలిసికొనవలయును. ఆ క్రమము అట్టలోనిదేగాని దేహములోనిది కాదు.

రాకుగారు 1963లో ఒక గ్రంథము ప్రకటించి, మాత్ర ప్రకృతివిరుద్ధము గాదనియు, దేహము తానే యేర్పఱచుకొన్న సురక్షితకాలమును అది పొడిగించుటయే యనియు తన మతపెద్దలను ఒప్పింప యత్నించెను. 1968లో పోపు ఆఱవ పౌలు ఆ వాదమును నిరాకరించెను. నాడు మాత్రను సమర్థించినవారును ప్రకృతినే సాక్షిగా బిలిచిరి. ఖండించినవారును ప్రకృతినే బిలిచిరి. నేడు దానికి విరుగుడు అమ్మువారును ప్రకృతినే పిలుచుచున్నారు. ఇందఱి పక్షమున సాక్ష్యము చెప్పు సాక్షిని నమ్ముట యెట్లు? కావున మనము శబ్దమును విడిచి, ఆ మందు పుచ్చుకొన్న స్త్రీల యనుభవమునే యడుగవలయును.

ఆ యనుభవమును అడిగినవారు మొదట మిక్కిలి యరుదు. 1956లో పోర్టో రికో ద్వీపమందలి రియో పియెద్రాసులో పేదకుటుంబముల స్త్రీలపై పెద్ద పరీక్ష ప్రారంభ మయ్యెను. దానిని నడపిన వైద్యురాలు ఈడ్రిసు రైసు రే, మాత్ర గర్భమును నివారించుట నిజమేయని ఒప్పుకొనుచునే, నూటికి 17 మంది వాంతి, తలనొప్పి, కన్నులు తిరుగుట మున్నగు బాధలు చెప్పుచున్నారనియు, ఇంత బాధ సామాన్యముగా అంగీకరింపదగినది కాదనియు తెలిపెను. పై యధికారులు ఆ మాటకు విలువ నీయక, ఆ బాధలు మనస్సు కల్పించినవని త్రోసివేసిరి. 1957లో అమెరికా ప్రభుత్వము “ఎనోవిడ్” అను మాత్రను ఋతుదోషములకును, 1960లో గర్భనిరోధమునకును అనుమతించెను. ఆనాటి మాత్రలో కృత్రిమ ప్రొజెస్టిరోను సుమారు 10 మిల్లీగ్రాములు, ఈస్ట్రోజెను 150 మైక్రోగ్రాములు ఉండెను. నేటి మాత్రలలో ఈస్ట్రోజెను సాధారణముగా 20 నుండి 35 మైక్రోగ్రాములే. నాటి స్త్రీల బాధ మనస్సు కల్పించినది గాదని ఈ యంకెలే చెప్పుచున్నవి.

నెత్తురు గడ్డకట్టు ప్రమాదమును గుఱించిన వార్త 1961లోనే వైద్యపత్రికలలో వచ్చెను గాని, మాత్ర మింగు స్త్రీకి దానిని దెలిపినవారు తక్కువ. 1969లో బార్బరా సీమను అను రచయిత్రి ఈ లోపములను బయటపెట్టుచు ఒక గ్రంథము వ్రాసెను. 1970లో అమెరికా సెనేటులో గేలార్డు నెల్సను అధ్యక్షతను విచారణ జరిగెను. సాక్షులుగా వైద్యులను, శాస్త్రజ్ఞులను పిలిచిరి గాని, మాత్ర మింగిన స్త్రీ నొక్కతెనైనను పిలువలేదు. అప్పుడు ఆలిసు వుల్ఫ్‌సను మొదలైన యువతులు సభలో లేచి నిలిచి, మా మాట యేల వినరని గట్టిగా అడిగిరి. ఆ యలజడి వలన, మాత్రల పెట్టెలో దాని హానులను దెలుపు పత్రము నుంచవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. నేడు మనము చదువక పాఱవేయు ఆ చిన్న కాగితము అడిగి సాధింపబడినది.

మాత్ర మానినవారి విషయమునను భయము ఆ కాలముననే పుట్టెను. కొందఱికి నెలలకొలది ముట్టు రాకపోవుట చూచి, మాత్ర అండాశయములను శాశ్వతముగా అణచివేయునేమో యని వైద్యులే సందేహించిరి. తరువాతి పరిశీలనలలో ఆ సందేహము చాలవఱకు తీఱినది. మాత్రలోని ద్రవ్యము కొన్ని దినములలోనే దేహమును విడిచిపోవును. కడిగివేయుటకు మిగులున దేమియు లేదు. పీయూషగ్రంథి మేల్కొని, చాలమందికి కొన్ని వారములనుండి మూడు మాసములలోపల అండము విడుదల యగును. ఐరోపాలో సంతానము గోరి మాత్ర మానిన రెండువేలకు పైబడిన స్త్రీలను గమనింపగా, మొదటి ఋతుచక్రముననే నూటికి 21 మందియు, ఏడాదిలో 79 మందియు గర్భవతులైరని 2009లో ప్రకటింపబడెను. మాత్ర నెన్నడు వాడనివారి స్థితికిని దీనికిని పెద్ద భేదము లేదు.

మఱి బాధపడువారి మాట అసత్యమా? కాదు. పెక్కుమందికి మాత్రను వ్రాసి యిచ్చునది గర్భనిరోధమునకు గాక, ముట్టు క్రమము తప్పుటకో, మొటిమలకో, అండాశయములలో నీటితిత్తులకో. అట్టి దోషమును మాత్ర కప్పియుంచును గాని తొలగింపదు. మానగానే కప్పు తొలగి మొదటి దోషమే కనబడును. దానిని మాత్ర మిగిల్చిన విషమని తలచుట పొరపాటు. ఊహయని త్రోసివేయుట అంతకంటె పెద్ద పొరపాటు. మాత్ర మొదలుపెట్టుటకు ముందు ముట్టు ఎట్లుండెనని అడుగుటయే ఇచ్చట మంచి వైద్యమునకు మొదటి మెట్టు.

ఈ చరిత్రము మన తెలుగుదేశమునకు ఎట్లు సంబంధించినదో చెప్పవలసి యున్నది. మనదేశము 1952లోనే ప్రభుత్వపక్షమున కుటుంబనియంత్రణ కార్యక్రమము నారంభించినను, మన ప్రాంతములలో మాత్రకు గాక శస్త్రచికిత్సకే ప్రాధాన్యము కలిగెను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను వివాహిత స్త్రీలలో నూటికి 60 మందికి పైగా శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. మాని చూచుటకు వారికి వీలే లేదు. ఐనను మెక్సికోలో 1951లో పుట్టిన ఆ నోరెథిస్టిరోను మన యిండ్లకు వేఱు త్రోవను వచ్చినది. పెండ్లి, వ్రతము, తిరుపతి యాత్ర వచ్చినప్పుడు “తేదీ వాయిదా” వేయుటకు మన స్త్రీలు మింగు మాత్రలో నున్నది ఆ ద్రవ్యమే. మానిన రెండు మూడు దినములలో స్రావము కనబడుట దాని స్వభావము. వైద్యుని అడుగక, పొరుగింటివారు చెప్పినట్లు దీనిని మింగుట మన యిండ్లలో సామాన్యమైనది. నెత్తురు గడ్డకట్టిన చరిత్రము గలవారికి ఇది తగదని చెప్పు దిక్కు ఆ యింట నుండదు.

ఆ ద్రవ్యమే సూదిమందు రూపమునను మన ప్రాంతమునకు వచ్చెను. 1985లో హైదరాబాదునకు సమీపమున నున్న పటాన్‌చెరులో ఆ సూదిమందు పరీక్షకై స్త్రీలను చేర్చుకొనుచుండగా, అది పరీక్షయని వారికి దెలుపలేదని హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన ఆక్షేపించి, ఇతర సంఘములతో గూడి 1986లో సుప్రీముకోర్టు నాశ్రయించెను. పోర్టో రికోలో వినబడని ప్రశ్నయే ముప్పది యేండ్లకు పటాన్‌చెరులో తెలుగున అడుగబడెను. 2017 నుండి ప్రభుత్వ వైద్యశాలలలో “అంతర” అను పేర వేఱొక సూదిమందు ఇచ్చుచున్నారు. ఇది మాత్రవంటిది గాదు. మానిన తరువాత గర్భధారణకు కడపటి సూదినుండి సగటున పది మాసములు పట్టును. ఇది దోషము గాదు, మందు స్వభావము. కాని త్వరలో బిడ్డను గోరు స్త్రీకి ఆ మాట సూది వేయుటకు ముందే చెప్పవలయును.

ఇంతకును, మాత్ర మానిన స్త్రీ తన దేహమునకు సహాయము చేయగోరినచో ఏమి చేయవలెను? సుశ్రుతసంహితలో గర్భమునకు కావలసినవి ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అని నాలుగు చెప్పబడినవి. తగిన కాలము, మంచి నేల, పోషణము, మంచి విత్తనము. సేద్యగాని కీ యుపమానము సులభముగా దెలియును. చేయవలసినది నేలను, పోషణమును కాపాడుటయే. మాత్ర వాడుచున్నప్పుడు తగ్గిన స్రావము మానిన తరువాత హెచ్చుట కలదు. ఆ సర్వేలోనే మనదేశపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. కావున నెత్తురు పరీక్ష చేయించుకొని, తోటకూర, గోంగూర, పప్పులు, రాగులు, ఆచార మున్నవారు గ్రుడ్లు, మాంసము తినుటయు, అవసరమైనచో ఇనుప మాత్రలు పుచ్చుకొనుటయు యుక్తము. సంతానము గోరువారు గర్భమునకు పూర్వమునుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలికు ఆమ్లము పుచ్చుకొనవలయును. స్థూలకాయముతో ముట్టు తప్పినవారికి బరువులో నూటికి 5 పాళ్లు తగ్గినను అండము విడుదలకు మేలగును. మిక్కిలి కృశించినవారికి తినుటయే మందు. నిద్ర, నడక, వేళకు భోజనము అందఱికిని మంచివి. ఇవి అంగడిలో పొట్లము గట్టి అమ్మబడవు గనుక వీనికి ప్రకటనలు లేవు.

ఇంకను కొన్ని జాగ్రత్తలు కలవు. ముట్టు కనబడకముందే అండము విడుదల యగును గనుక, బిడ్డ నిప్పుడే కోరనివారు మాత్ర మానిననాటినుండియే వేఱొక యుపాయము నవలంబింపవలయును. మూడు మాసములు గడచినను ముట్టు రానిచో మొదట గర్భపరీక్ష, పిదప వైద్యసలహా అవసరము. థైరాయిడు మొదలైన గ్రంథుల దోషములు అప్పుడే బయటపడును. ఇట్టి సమయమున చూర్ణములతో నెలలు గడపుట వలన కలుగు నష్టము ధనమున కంటె కాలమున కెక్కువ.

చరిత్రమంతయు పరికింపగా, స్త్రీలకు కొఱవడినది ఔషధము గాదు, సమాచారము. నాడు పరీక్షయని చెప్పనివారు, బాధను ఊహ యన్నవారు, హానిని దాచినవారు విద్వాంసులు. నేడు లేని విషమును చూపి భయపెట్టువారు వర్తకులు. ఇరువురును స్త్రీ యజ్ఞానము మీదనే ఆధారపడినారు. దీనికి ప్రతిక్రియ బడిలోనే కలదు. పదవ తరగతి జీవశాస్త్రమున ప్రత్యుత్పత్తిని గుఱించిన పాఠ మున్నది. పెక్కు పాఠశాలలలో దానిని ఇంటివద్ద చదువుకొనుడని చెప్పి దాటివేయుట వాడుకయైనది. ఆ పాఠమును బాలురకును బాలికలకును సిగ్గుపడక, పటముతో సహా, తక్కిన పాఠములవలెనే చెప్పవలయును. అట్లు చదివిన బాలిక రేపు ఏ మాత్ర మింగినను, ఏ మాత్ర మానినను, పెట్టెలోని కాగితమును విప్పి చదువుకొనగలదు. వైద్యుని అడుగవలసిన ప్రశ్నను తానే అడుగగలదు.